ఫాస్ఫేట్ ఎక్కడికీ పోదు

కాజీపేటలో చేపల అక్వేరియం ఉన్న ఇళ్ళు చాలానే ఉంటాయి. మా ఇంట్లో ఉన్నది మాత్రం సముద్రపు నీళ్ళది. మావాడి సరదా. వాడేమో హాస్టల్లో, అక్వేరియమేమో నా నెత్తిన! రెండు క్లౌన్ చేపలు, నాలుగు మెత్తటి పగడాలు ఉన్నాయి. గట్టి రాతి పగడాలు ఎందుకు లేవని అడుగుతుంటారు. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, పులి సరసన ఉన్నాయి. ఇంట్లో పెట్టుకోకూడదు.

ఈమధ్య రాళ్ళకీ గాజుకీ పాచి పట్టింది. పరీక్ష చేస్తే ఫాస్ఫేట్ లీటరుకి 0.3 మిల్లీగ్రాములు. 0.1 దాటకుండా చూసుకోవాలని పగడాలు పెంచేవాళ్ళ మాట. "అమ్మా, ఐరన్ గుళికలు ఆర్డర్ పెడతా, ఫిల్టర్లో వెయ్, అవే పీల్చేస్తయ్" అన్నాడు వాడు ఫోన్లో. నిజమే, ఐరన్ ఆక్సైడ్ గుళికలు ఫాస్ఫేట్‌ని పట్టేసుకుంటాయి. అయినా వద్దన్నాను. ఆ డబ్బా కొనేముందు మేత డబ్బా సంగతి చూడాలి అన్నది నా వాదన.

ఎందుకంటే ఫాస్ఫేట్ పుట్టేది మేతలోంచే. చేప తిన్నదీ, తినక వదిలేసిందీ, విసర్జించిందీ అంతా నీళ్ళలోనే కదా. నైట్రేట్ అయితే గాలి ఆడని మూలల్లో బ్యాక్టీరియా దాన్ని వాయువుగా మార్చి పైకి పంపేస్తుంది. ఫాస్ఫేట్‌కి ఆ దారి లేదు. నీళ్ళు మార్చినప్పుడో, పాచి గీకి పారేసినప్పుడో మనం బయటికి తీస్తే తప్ప పోదు. పైగా రాళ్ళలో, ఇసుకలో దాక్కుని, నీళ్ళలో తగ్గగానే మళ్ళీ మెల్లగా బయటికొస్తుంది. పోపుల డబ్బాలో దాచిన చిల్లర లాగా.

మరి మేత వేసేదెవరు? అందరూ! ఆయన డ్యూటీకి వెళ్తూ ఒక చిటికెడు, పక్కింటి పిల్లలు వస్తే ఒక చిటికెడు. అత్తమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. "నోరులేని జీవాలు, నన్నే చూస్తున్నయ్ బిడ్డా" అంటుంది. ఎవరు దగ్గరికెళ్ళినా గాజు దగ్గరికి రావడం వాటికి అలవాటు, ఆకలి కాదు. కానీ వద్దంటే వినే ఇల్లా మనది? కడుపు పగిలేలా పెడితేనే ప్రేమ అనుకునే వంశాలు మనవి.

అందుకే వద్దనలేదు. మేత పని పూర్తిగా అత్తమ్మకే అప్పగించాను. పొద్దున్నే ఆ రోజుకి సరిపడా మేత చిన్న కుంకుమ భరిణెలో పోసిస్తాను. ఎప్పుడు వేస్తుందో ఆమె ఇష్టం. ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆమె కాపలా ముందు నా కాపలా ఎందుకూ పనికిరాదు! ఫ్రీజర్లో రొయ్య మేతని కరిగించి, టీ వడకట్టులో కడిగి, ఆ నీళ్ళు గులాబీ మొక్కకి పోస్తాను. ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ నీళ్ళే పోస్తాను, బోరు నీళ్ళు కాదు.

నెలన్నరకి 0.12కి వచ్చింది. ఆలస్యమే. కానీ ఒక్కసారిగా సున్నాకి దించితే పగడాలకే దెబ్బ. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మ నాచుకీ కాస్త ఫాస్ఫేట్ కావాలి.

ఇది ఇంటి గొడవే అనుకోకండి. 1973లో కెనడాలో 226వ నంబరు సరస్సుని మధ్యలో తెర కట్టి రెండు చేశారు. రెండువైపులా కార్బన్, నత్రజని కలిపి, ఫాస్ఫరస్ ఒక్కవైపే వేశారు. ఆ వైపే పచ్చటి పాచితో నిండిపోయింది. మన భద్రకాళి చెరువుని 2024 నవంబరులో పూడిక తీయడానికి ఖాళీ చేశారు. మంచి పనే, అడుగున పేరుకున్నది కొంత పోతుంది. కానీ ఏ చెరువుకైనా మురుగు వస్తూనే ఉంటే, ఎన్నిసార్లు గుర్రపుడెక్క పీకినా ఏం లాభం? మన వంటగదుల నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు కూడా ఆ మురుగులోవే. బట్టల పొడిలో ఫాస్ఫేట్ మీద యూరప్‌లో 2013 నుంచే పరిమితి పెట్టారు. ఫాస్ఫేట్ లేదని రాసి ఉన్న ప్యాకెట్ దొరికితే నేను అదే తెస్తున్నాను.

మావాడు సంక్రాంతికి వస్తున్నాడు. అత్తమ్మ భరిణె ఇప్పటికే బీరువాలోకి చేరింది.