పూనకం దిగాక

ఆషాఢంలో లష్కర్ బోనాలు అనగానే స్త్రీశక్తి అని రాసేస్తాం. నా పీహెచ్‌డీలో నేనూ రాశాను. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ భవిష్యవాణి చెబుతుంది. పూజల్లో లోపముందని ఆమె కోప్పడితే పెద్దపెద్దవాళ్లు చేతులు కట్టుకుని వింటారు. కానీ వాళ్లు వింటున్నది ఎవరి మాట?

మా పెద్దమ్మకు పూనకం వచ్చేది. అప్పుడు పెదనాన్న ఆమె కాళ్ల మీద పడి "తప్పు కాయి తల్లీ" అనేవాడు. మర్నాడు కూరలో ఉప్పు తక్కువైందని చెయ్యెత్తేవాడు. కోపం అమ్మవారిదైతే మొక్కు, ఆమెదైతే దెబ్బ. దీన్నా మనం గౌరవమన్నది?

2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగ చేసింది. సర్కారు పట్టువస్త్రాలు సమర్పిస్తుంది. తెల్లారకముందే లేచి బోనం వండి నెత్తిన పెట్టుకొచ్చిన ఆడవాళ్లు మాత్రం ప్రముఖుల దర్శనం అయ్యేదాకా ఆగాలి.

బోనం వద్దనడం లేదు. ఆ కుండ మనదే. పూనకాన్ని ప్రతిఘటన అని మెచ్చుకుని అక్కడితో ఆగిపోయిన మన పరిశోధనలతోనే నా పేచీ. పెద్దమ్మ పూనకంలో అన్న ప్రతి మాటా టేపు చేసుకున్నాను. పూనకం దిగాక ఆమె ఏం చెప్పాలనుకుందో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు.