పసిబిడ్డలతో ఒకనాటి వనవిహారము

సంక్రాంతి సెలవులు దగ్గర పడినవనగానే మన యిండ్లలో ఒక మాట పుట్టుచుండును: "పిల్లలను ఎక్కడికైనను తీసికొని పోవలదా?" వెంటనే బంధువులు కూడుటయు, వ్యాను మాటాడుటయు, పాపికొండలకు బయలుదేరుటయు జరుగుచున్నవి. పాపికొండలు 2008లో జాతీయోద్యానముగా ప్రకటింపబడినవి. కొండల నడుమ గోదావరి ఒదిగి పారు ఆ చోటి అందమును గూర్చి నాకు వివాదము లేదు. అయిదేండ్లు నిండని బిడ్డను ఒక్క దినములో యానామునుండి అచ్చటికి కొనిపోయి తిరిగి తెచ్చుట తగునా యనునదే ప్రశ్న. తగదనియు, మన వాకిట నున్న కోరంగి మడ అడవియే పసిబిడ్డకు తగిన విహారస్థలమనియు నా అభిప్రాయము.

వర్తకులము సరకు తెచ్చునపుడు కొనువాని అవసరమును చూతుము గాని మన యిష్టమును చూడము. విహారయాత్ర విషయమున మాత్రము ఈ సూత్రమును మరచుచున్నాము. యాత్ర పిల్లవాని పేరిట, ఏర్పాటులు పెద్దల కొరకు! తెల్లవారుజామున నిద్రలో నున్న బిడ్డను లేపి, రాజమహేంద్రవరము మీదుగా గంటలకొలది బండిలో త్రిప్పి, మరల పడవలో గంటలకొలది కూర్చుండబెట్టినచో, ఆ బిడ్డ కొండలను చూచునా? ఎండకు సొమ్మసిల్లి తల్లి ఒడిలో ముఖము దాచుకొనును. నాలుగేండ్ల పిల్లవాని ఓపిక రెండు మూడు గంటలు. ఆ ఓపికయే మన ముఖ్య పెట్టుబడి. దానిని దారిలోనే ఖర్చు పెట్టినవానికి చోటు చేరిన పిదప మిగులునదేమి?

ఇంకొక సంగతిని చెప్పక తప్పదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద గోదావరిలో విహారపడవ మునిగి నలువదిమందికి పైగా మరణించిరి. ఆ దుఃఖమును గోదావరి ప్రజలెవ్వరును మరువలేరు. పడవ ప్రయాణమే కూడదని నేననను. ఏటి ఒడ్డున పుట్టినవారు పడవను వెలివేయుట ఎట్లు? కాని పిల్లవాని కొలతకు సరిపడు లైఫు జాకెట్టు లేని పడవను, ఎంత తక్కువ దూరమునకైనను, ఎక్కరాదు. పెద్దల జాకెట్టును బిడ్డకు తగిలించినచో నీటిలో అది పైకి తేలును, బిడ్డ క్రిందికి జారును. వరద దినములలో ఏటి విహారము తలపెట్టనే కూడదు.

ఇక కోరంగి సంగతి. గౌతమి నుండి కోరంగి పాయ చీలునది మన యానాము వద్దనే. ఆ పాయ పేరు వహించిన మడ అడవిని 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. దాని వైశాల్యము 235 చదరపు కిలోమీటర్లకు పైమాట. చట్టము దృష్టిలో జాతీయోద్యానము వేరు, అభయారణ్యము వేరు. బిడ్డ దృష్టిలో ఆ భేదము లేదు. తాళ్ళరేవు మీదుగా కాకినాడ పోవు దారిలో గంటలోపుననే చేరవచ్చును. అడవి ఆంధ్రప్రదేశమునది, మనము పుదుచ్చేరి పరిపాలనలోని వారము. అయినను నీటికి ఆ ఎల్ల తెలియదు.

"మడ అడవిలో చూచుటకేమున్నది? బురద, దోమలు!" అని కొందరు నవ్వుదురు. పెద్దలకు బురదగా కన్పట్టునది పిల్లవానికి వింతల కొట్టు. నీరు తీసిన వేళ మడ చెట్ల చుట్టును నేలనుండి వేలకొలది వేళ్ళు మొలకలవలె పైకి నిలిచియుండును. గాలి చొరని బురదలో చెట్టు ఊపిరి తీసికొను విధమది. ఒక డెక్క చిన్నదిగాను, ఒకటి దేహమంత పెద్దదిగాను గల పీతలు కలుగులనుండి తొంగిచూచుచుండును. నీరు వదలి బురదపై గెంతులిడు చిన్న చేపలుండును. ఇవన్నియు మోకాటి ఎత్తున, అనగా బిడ్డ కన్నుల ఎత్తున నున్నవి. బావురు పిల్లియు, నీటికుక్కయు ఈ అడవిలో నున్న మాట నిజమే. కాని బావురు పిల్లి రాత్రివేళ చేపలు పట్టునది. దానిని చూపెదమని పిల్లలకు మాట యిచ్చి, మాట తప్పినవారము కారాదు. "అది ఇచ్చటనే ఎక్కడనో నిద్రించుచున్నది" అని చెప్పిన చాలును. బిడ్డ నెమ్మదిగా నడచుట తానే నేర్చును.

ఏర్పాటులను గూర్చి నాలుగు మాటలు. మొదటిది కాలము. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు చల్లదనమును, వలస పక్షులును ఉండును. రెండవది వేళ. ఆటుపోటులు దినమునకు రెండుసారులు వచ్చుచు, ప్రతిదినము సుమారు ఏబది నిమిషములు వెనుకబడుచుండును. ఉదయమున నీరు తీయు దినమేదియో మన మత్స్యకార సోదరులనడిగి ఎంచుకొనవలెను. నడచి చూచుటకు ఆటు మేలు. పడవకు పోటు మేలు. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగి తీర్థమునకు జనము క్రిక్కిరిసియుందురు గనుక ఆనాడు పసిబిడ్డలతో ఆ దారి పట్టకుండుట మంచిది. మూడవది విచారణ. పడవలు నడచుచున్నవా, చెక్కబాట తెరచియున్నదా యని అటవీశాఖవారిని ముందుగా అడుగవలెను. నాలుగవది మూట. కాచి చల్లార్చిన నీరు, పెరుగన్నము, అరటిపండ్లు, టోపీ, పొడుగు చేతుల చొక్కా, ఒక జత మారుబట్టలు చాలును. ప్లాస్టిక్ సంచి ఏదియు అడవిలో వదలరాదు. మధ్యాహ్న నిద్రవేళకు ఇల్లు చేరవలెను.

చెక్కబాటపై బిడ్డ చేయి విడువరాదు. తిల్ల చెట్టు ఆకును త్రుంపనీయరాదు. దాని పాలు కంటబడిన చూపునకే ముప్పు. హోప్ ఐలాండు చూడవలెనను కోరికను బిడ్డ పెద్దదగువరకు ఆపుకొనుట మంచిది. అచ్చటికి పోవుటకు సముద్రపు నీరు దాటవలెను.

తిల్ల యనగానే ఒక సంగతి. పుదుచ్చేరిలో పెరుగుచున్న మన పిల్లలు చిదంబరమును ఎరుగుదురు. ఆ క్షేత్రమునకు తిల్లై యను పేరు ఈ చెట్టు వలననే వచ్చినది. సమీపమున నున్న పిచ్చావరము మడ అడవిలో నేటికిని అది పెరుగుచున్నది. సెలవులకు యానాము వచ్చిన బిడ్డకు "అచ్చటి తిల్లై, ఇచ్చటి తిల్ల ఒక్కటే" అని చూపినచో, రెండు భాషల నడుమ తానెక్కడ నిలిచియున్నాడో వానికి తెలియును. ఒకనాడు కోరంగి రేవునుండి ఓడలెక్కి బర్మా పోయిన తెలుగువారిని అచ్చట "కొరంగీలు" అనిరి. ఇది పుస్తకములో చదివించిన మరచును. ఆ ఏటి ఒడ్డున నిలిపి చెప్పిన మరువడు. ఆటు, పోటు, మడ, డెక్క, పాయ — ఈ మాటలు పలకమీద నిలువవు. వస్తువును చూపినప్పుడే నాలుకమీద నిలుచును.

ఈ అడవికి మనము ఋణపడియున్నాము. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును నాశనము చేసినది. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో మన చుట్టుప్రక్కల వేయిమందికి పైగా మరణించిరి. ఆ రాత్రి మన తరమువారికి నేటికిని గుర్తే. అలల వేగమును విరుచునది మడ వేరు. దానిని రేపు కాపాడవలసినవాడు నేడు చేయి పట్టుకొని నడచు బిడ్డయే. ఎరుగనిదానిని ఎవడు కాపాడును?

కావున సంఘమువారికి నా మనవి. శీతకాలమున ఉదయపు ఆటు పడు ఆదివారములను మన వారపత్రికలో ముందుగా ప్రకటింపుడు. ఒక్కొక్క పర్యాయము అయిదు కుటుంబములకు మించకుండ, వృద్ధ మత్స్యకారు నొకరిని వెంటనిచ్చి, కూలి చెల్లించి పంపుడు. పిల్లల కొలతకు సరిపడు లైఫు జాకెట్లు పది కొని సంఘ కార్యాలయమున నుంచినచో అడిగినవారందరకును పనికివచ్చును. వ్యాను నిండ జనమును, పెట్టెల నిండ ఆహారమును అక్కరలేదు. పాపికొండలెక్కడికిని పోవు; బిడ్డ పెరిగి తానే చూచును. బాల్యము మాత్రము ఆగదు.