మామ్మ పటం వెనుక పేరు

ఇంటికి సున్నం వేసేటప్పుడు గోడ మీది పటాలన్నీ దించుతారు. దేవుళ్ల పటాలు తిరిగి మేకులకెక్కుతాయి, ముసలమ్మల పటాలు అటకెక్కుతాయి. ఎచ్చెర్ల చుట్టుపక్కల పల్లెల్లోనే కాదు, జిల్లా అంతటా ఇదే తంతు. "ఈ మామ్మ ఎవరు?" అని పిల్లలు అడిగితే "తాతకి ఏదో వరస" అంటారే తప్ప పేరు చెప్పగలిగేవారు చాలా ఇళ్లలో కరువయ్యారు.

ముసలమ్మ పటమే కదా అని తీసిపారేయనక్కరలేదు. 1871లో విస్లర్ అనే అమెరికా చిత్రకారుడు లండన్‌లో తన తల్లి అన్నా బొమ్మను తైలవర్ణాల్లో చిత్రించాడు. ఆమె రాణీ కాదు, జమీందారిణీ కాదు. రైలు మార్గాలు వేయించిన ఇంజనీరు భార్య, 1849లోనే భర్తను పోగొట్టుకున్నది. అప్పటికి వయసు సుమారు 67 ఏళ్లు. మొదట నిలబెట్టి వేయబోతే రెండు మూడు రోజులకే ఆమెకు ఓపిక చాలలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నల్లని దుస్తులు, తెల్లని టోపీ, ఒడిలో చేతులు, పక్కకు తిరిగిన ముఖం, అంతే. 1872లో రాయల్ అకాడమీ వారు దాన్ని దాదాపు తిప్పి పంపబోయి చివరకు ప్రదర్శనలో పెట్టారు. అప్పులపాలైన కొడుకు ఆ పటాన్నీ తాకట్టు పెట్టాడు. (మన రైతులకు తెలియని కష్టం కాదిది.) విడిపించుకున్న తరువాత, 1891లో ఫ్రాన్సు ప్రభుత్వం 4 వేల ఫ్రాంకులకు కొన్నది. అది ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. 1934లో అమెరికా తపాలా శాఖ తల్లుల గౌరవార్థం ఆ బొమ్మతో స్టాంపు వేసింది. చిత్రకారుడు పెట్టిన పేరు "బూడిద రంగు, నలుపుల అమరిక". ఆ పేరు జనం నోట నిలవలేదు. అందరికీ అది "విస్లర్ తల్లి".

ఆ రోజుల్లో ఇక్కడ తైలవర్ణ చిత్రం వేయించుకోవడం సంస్థానాల వారికే చెల్లింది. మామూలు ఇళ్లకు తరువాత దక్కింది స్టూడియో ఫోటోయే. తాతల పేర్లు భూమి పత్రాల్లోనైనా దొరుకుతాయి. మామ్మలలో ఎందరికో ఆ ఆసరా కూడా లేదు. ఫోటో పోతే మనిషే పోయినట్టు. 2018లో తిత్లీ తుపాను ఈ జిల్లాలో ఎన్ని ఇళ్ల కప్పులు లేపిందో ఎవరికి తెలియదు? బుడగట్లపాలెం వంటి తీర గ్రామాలలో ఉప్పుగాలి, చెమ్మ, చెదలు ఏడాది పొడవునా ఉండే శత్రువులే.

ఖర్చు లేని జాగ్రత్తలున్నాయి. వానకు తడిసే గోడకు పటం ఆనించరాదు. వెనుక చిన్న చెక్క ముక్కలు పెడితే గాలి ఆడుతుంది. తడిగుడ్డతో ఫోటో తుడవరాదు. అద్దానికి అంటుకున్న ఫోటోను పీకవద్దు, అద్దం పైనుంచే సెల్‌ఫోనుతో మరో ఫోటో తీసుకోవచ్చు. వెనుక అట్ట మీద పెన్సిలుతో ఆమె పేరు, పుట్టినూరు, ఎవరి కూతురో రాయాలి. ఫలానావారి భార్య అని మాత్రమే రాస్తే సగమే రాసినట్టు.

ఎచ్చెర్లలో 2008లో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడి విద్యార్థులు సెలవులకు వెళ్లినప్పుడు సొంత ఊళ్లలో ఇలాంటి పటాలను ఫోటో తీసి వివరాలు రాసుకువస్తే, విశ్వవిద్యాలయం వాటిని ఒకచోట భద్రపరిస్తే జిల్లాకు ఎంతో మేలు. ముందుగా వెళ్లవలసింది ఎనభై ఏళ్లు దాటిన వారు ఉన్న ఇళ్లకు.