బాక్స్ ఉంది కదా అని కన్ను మూయొద్దు

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అంటారు పెద్దవాళ్లు. ఈ సామెతకి సరిగ్గా సరిపోయే జబ్బు పెద్దపేగు క్యాన్సర్. ఇది రాత్రికి రాత్రి వచ్చేది కాదు. చాలామందిలో ముందు పేగు లోపలి గోడ మీద చిన్న బుడిపె లేస్తుంది. దాన్ని పాలిప్ అంటారు. అందులో అడినోమా అనే రకం క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంది. మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. అన్నీ మారవు. కానీ ఏది మారుతుందో ముందే చెప్పలేం కాబట్టి కనిపించినదాన్ని తీసేస్తారు. కొలనోస్కోపీ చేస్తున్నప్పుడే సన్నటి వైరు ఉచ్చు వేసి అక్కడికక్కడే తీసేస్తారు. పొట్ట కోయక్కర్లేదు, కుట్లు అక్కర్లేదు.

కాకపోతే ముందు అది కనిపించాలి కదా! అసలు చిక్కంతా అక్కడే. ఒకే పేషెంట్‌కి ఒకేరోజు వెంటవెంటనే రెండుసార్లు కొలనోస్కోపీ చేసి చూసిన స్టడీలు ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి 2019లో లెక్కేస్తే, మొదటిసారి చూసినప్పుడు దాదాపు నాలుగో వంతు అడినోమాలు తప్పిపోయాయని తేలింది.

చూసే డాక్టర్‌ని బట్టి కూడా తేడా ఉంటుంది. ఒక డాక్టర్ చేసిన వంద స్క్రీనింగ్ కొలనోస్కోపీల్లో ఎంతమందికి కనీసం ఒక అడినోమా దొరికిందో చెప్పే లెక్కని ఏడీఆర్ అంటారు. అమెరికాలో 136 మంది డాక్టర్లు చేసిన మూడు లక్షలకు పైగా కొలనోస్కోపీల మీద 2014లో ఒక పెద్ద స్టడీ వచ్చింది. అందులో తక్కువ ఏడీఆర్ ఉన్న డాక్టర్‌ది 7.4 శాతం, ఎక్కువ ఉన్న డాక్టర్‌ది 52.5 శాతం. ఏడీఆర్ ఒక్క శాతం పెరిగితే, ఆ తర్వాత పేషెంట్‌కి క్యాన్సర్ బయటపడే రిస్క్ 3 శాతం తక్కువగా కనిపించింది. అంటే ఏ డాక్టర్ చేతికి వెళ్తామన్నది కూడా మన అదృష్టమేనా?

మన సీఎస్ఈ వాళ్ల పని ఇక్కడ మొదలవుతుంది. పాలిప్ ఎందుకు తప్పిపోతుంది అని అడిగితే నాకు మూడు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, అసలు కెమెరా ముందుకే రాకపోవడం. పేగు మడతలు మడతలుగా ఉంటుంది, మడత వెనక దాక్కున్నది వీడియోలో పడదు. కడుపు సరిగ్గా క్లీన్ అవ్వకపోయినా అంతే. రెండు, వీడియోలో పడినా చుట్టూ ఉన్న గులాబీ రంగులో కలిసిపోవడం. మూడు, స్పష్టంగా కనిపిస్తున్నా అలసిపోయిన కన్ను పట్టుకోలేకపోవడం.

రెండోదానికి నారో బ్యాండ్ ఇమేజింగ్ అనే పద్ధతి ఉంది. మామూలు తెల్లకాంతికి బదులు 415, 540 నానోమీటర్ల దగ్గరున్న నీలం, ఆకుపచ్చ కాంతిని మాత్రమే వాడతారు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఈ కాంతిని బాగా పీల్చుకుంటుంది. దాంతో రక్తనాళాల అల్లిక ముదురు రంగులో తేలి, పాలిప్ విడిగా కనిపిస్తుంది.

మూడోదానికి ఏఐ వచ్చింది. వీడియోలో వచ్చే ప్రతి ఫ్రేమ్‌నీ న్యూరల్ నెట్‌వర్క్ చూసి, అనుమానం ఉన్నచోట స్క్రీన్ మీద బాక్స్ గీస్తుంది. జీఐ జీనియస్ అనే ఇలాంటి సిస్టమ్‌కి 2021లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అది గీసేది ఆకుపచ్చ బాక్స్. చైనాలోని చెంగ్డూలో 1,058 మంది మీద చేసి 2019లో ప్రచురించిన ట్రయల్‌లో ఏఐ లేకుండా ఏడీఆర్ 20.3 శాతం, ఏఐతో 29.1 శాతం. అయితే అదనంగా దొరికినవాటిలో ఎక్కువ భాగం చాలా చిన్న పాలిప్‌లే. అయినా నా ఓటు ఏఐకే. అలసిపోని రెండో కన్ను పక్కన ఉంటే వద్దంటామా?

కానీ అదే కన్ను ఉందన్న ధైర్యంతో మొదటి కన్ను కునుకు తీస్తే? పోలండ్‌లో నాలుగు సెంటర్లలో 2021 చివర్లో ఏఐ మొదలుపెట్టారు. అక్కడి డాక్టర్లు కొత్తవాళ్లు కాదు, ఒక్కొక్కరు 2,000కు పైగా కొలనోస్కోపీలు చేసినవాళ్లు. ఏఐ రాకముందు మూడు నెలల్లో వాళ్ల ఏడీఆర్ 28.4 శాతం. ఏఐ వచ్చాక, ఏఐ లేకుండా చేసిన కేసుల్లో అది 22.4 శాతానికి పడిపోయింది. ఈ స్టడీ 2025లో వచ్చింది. ఒక్క స్టడీతో తీర్పు చెప్పేయలేం. ఇది రాండమైజ్డ్ ట్రయల్ కాదు, తగ్గడానికి వేరే కారణాలూ ఉండొచ్చు. కానీ ఆటో కంప్లీట్ ఆపేసి ల్యాబ్ ఎగ్జామ్ రాసిన ఎవరికైనా ఈ నంబర్ చూస్తే గుండె కాస్త ఝల్లుమంటుంది.

అంత అనుభవం ఉన్నవాళ్ల సంగతే ఇలా ఉంటే, మొదటిరోజు నుంచీ బాక్స్ చూస్తూనే నేర్చుకునే కుర్ర డాక్టర్ మాటేంటి? వాళ్లకి పోగొట్టుకోవడానికి నైపుణ్యం ఉండదు, అసలు వస్తేగా! బాక్స్ మడత వెనక చూడలేదు. స్కోప్‌ని తిప్పి, మడత సాపు చేసి, ఓపిగ్గా వెతకాల్సింది డాక్టరే. ఆ ఓపిక బాక్స్ మీద వాలిపోతే మెషీన్ కొని లాభం ఏంటి?

అందుకే నేను అనేది ఇది. ఏఐ కొన్న ప్రతి హాస్పిటల్ కొన్ని కేసులు ఏఐ ఆపేసి చేయాలి. ఆ ఏడీఆర్‌ని విడిగా లెక్కపెట్టాలి. ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు ముందు సొంత కళ్లతో ఒక స్థాయికి చేరాకే ఏఐ ఆన్ చేయాలి. పవర్ కట్‌కి జనరేటర్ పెట్టుకున్నట్టే, సాఫ్ట్‌వేర్ పనిచేయని రోజుకి ట్రైనింగ్ ఉన్న కన్ను పెట్టుకోవాలి.

ఇది మనకి ఇంకా ముఖ్యం. మన దేశంలో ప్రభుత్వం చేసే క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, పెద్దపేగు లేదు. పైగా రక్తం పడితే "మొలలేలే" అని ఇంట్లోనే సర్దుకుపోయేవాళ్లు ఎంతమంది! సిగ్గుపడి, భయపడి, ఆఖరికి ఒక్కసారి కొలనోస్కోపీకి వచ్చిన మనిషికి ఆ ఒక్క చూపే అవకాశం. అది కచ్చితంగా ఉండాలి.

మన బ్యాచ్‌లో చాలామంది మినీ ప్రాజెక్ట్‌కి క్వాసిర్-సెగ్ డేటాసెట్ తీసుకుంటారు. నార్వే నుంచి వచ్చిన 1,000 పాలిప్ ఫోటోలు. అన్నిట్లోనూ పాలిప్ ఉంటుంది. కానీ నిజం కొలనోస్కోపీలో ఎక్కువ ఫ్రేముల్లో ఏమీ ఉండదు. కాబట్టి పీపీటీలో 95 శాతం అని వేసే ముందు రెండు ప్రశ్నలు కూడా స్లైడ్ మీద పెడదాం. పాలిప్ లేనిచోట మన మోడల్ ఎన్నిసార్లు ఊరికే బాక్స్ గీసింది? మన మోడల్‌తో ఏడాది పనిచేశాక, అది లేనిరోజు ఆ డాక్టర్ ఎలా చూస్తారు? మొదటిదానికి జవాబు కోడ్ రన్ చేస్తే వస్తుంది. రెండోదానికి ల్యాబ్ దాటి హాస్పిటల్‌కి వెళ్లాలి. వెళ్దాం.