లేని మిత్రుని చోటు

మిత్రులు కూడియున్నపుడు స్నేహము సులభము. వారిలో నొకరు దూరమైనపుడే దాని బలము తెలియును. ఇందుకు నిదర్శనములు వెదకుచు చాల దూరము పోనక్కరలేదు. మన విద్యార్థులు సెలవులలో చూచి నవ్వుకొను అమెరికా హాస్య ధారావాహికలే చాలును.

‘ఫ్రెండ్స్’ అనునది 1994 మొదలు 2004 వరకు ప్రసారమైనది. న్యూయార్కు నగరమందలి ఆరుగురు స్నేహితుల కథ. 1998 మే నెలలో ప్రసారమైన భాగములలో రాస్ అనువాని వివాహము లండనులో జరుగును. ఫీబీ అను స్నేహితురాలు గర్భిణి యగుటచే ప్రయాణము చేయలేక ఇంటనే నిలిచిపోయెను. ఆ పాత్ర ధరించిన లీసా కుద్రో ఆ కాలమున నిజముగనే గర్భవతి. అయినను రచయితలు ఆమెను మూలకు నెట్టలేదు. రాస్‌పై ప్రేమను దాచుకొనలేక రేచెల్ లండనుకు బయలుదేరగా, ఆ సంగతిని టెలిఫోను ద్వారా అచ్చటివారికి తెలిపి హెచ్చరించు పని ఫీబీకే అప్పగించిరి. పెండ్లి జరిగినచోట ఆమె లేదు. పెండ్లి కథలో మాత్రము ఉన్నది.

‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’లో ఇందుకు భిన్నముగా జరిగెను. హోవర్డు అను ఇంజనీరు అంతరిక్ష కేంద్రమున కొంతకాలముండి, 2012 అక్టోబరులో ప్రసారమైన భాగమున ఇల్లు చేరును. ఘనమైన స్వాగతము లభించునని అతని ఆశ. భార్య జబ్బుపడి మంచముపై నుండెను. ప్రాణమిత్రుడు రాజ్ క్రొత్త స్నేహితునితో కాలము గడపుచుండెను. తక్కినవారు ఆటల పందెములో మునిగియుండిరి. చూచువారందరు నవ్విరి. నాకు నవ్వు రాలేదు.

కొన్నియేండ్ల క్రిందట నా తరగతి బాలుడొకడు టైఫాయిడు జ్వరముచే రెండు మాసములు ఇంటికడ నుండి తిరిగివచ్చెను. అతని బల్లమీద వేరొకడు కూర్చుండియుండెను. అతనిని ఎవరును పొమ్మనలేదు, ఎవరును రమ్మనలేదు. పుస్తకముల సంచి చేతబట్టుకొని గుమ్మముకడనే నిలిచిపోయెను. ఆ చోటు మరియొకనికిచ్చినవాడను నేనే. వచ్చువాని సంగతి తలపునకు రాలేదు.

మిగిలినవారు ఆటపాటలు మానవలెనా యని కొందరడుగుదురు. మానవలదు. రాజ్ ఒంటరియై క్రొత్త స్నేహితుని చేర్చుకొనుట దోషము కాదు. పాతవాడు వచ్చు దినమెరిగియు అతనికి చోటు సిద్ధపరుపకుండుటయే దోషము. లేనివానిని తలచి నిట్టూర్చుటకంటె, అతనికొక భాగమిచ్చుట మేలు.

విద్యార్థులారా, మీ తరగతిలో నేడు ఖాళీగానున్న చోటు ఎవరిదో మీకు తెలియును. అతని కొరకు పాఠములు వ్రాసియుంచుడు. ఆటలో మీ జట్టును ఎట్లు నిలుపవలెనో అతనినే అడిగి ఉత్తరము వ్రాయుడు. తలిదండ్రులారా, ఆ ఉత్తరము చేరునట్లు చూడుడు. అతడు తిరిగివచ్చినపుడు గుమ్మముకడ నిలువనీయకుడు.