మనోవైద్యుని తొలి దర్శనం – చీటీ వ్రాసుకొని వెళ్లండి

కడుపునొప్పితో వైద్యుని వద్దకు బయలుదేరినవారు నొప్పి ఎన్నడు మొదలయినది, ఏమి తింటే హెచ్చినది అని దారిలోనే లెక్క వేసుకుంటారు. మనోవ్యాధికి వెళ్లేవారికి మాత్రం ఎవరి కంటా పడకుండా పోయిరావడమెలా అన్నదే ధ్యాస. మడకశిర సీమ నుండి బెంగుళూరు నిమ్హాన్స్‌కు పోయే కుటుంబాలలో ఇంటివద్ద ‘తలనొప్పికి చూపించుకొని వస్తాము’ అని చెప్పి, వైద్యుని ఎదుట కూడా తలనొప్పి మాటే చెప్పి తిరిగివచ్చేవారు లేకపోలేదు. ఇరుగుపొరుగు వద్ద దాచుకోవచ్చును. వైద్యుని వద్ద దాచితే ఛార్జీలు దండుగ.

‘మాటలతో రోగం పోతుందా’ అని పెదవి విరిచే పెద్దలు మన శాస్త్రాన్ని మరచినట్లే. రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నములచే పరీక్షింపవలెనని వాగ్భటుడు చెప్పినాడు. చరకుడు పేర్కొన్న మూడు విధాల చికిత్సలలో సత్త్వావజయము ఒకటి. అహితమైన విషయాల నుండి మనస్సును మళ్లించుట దాని లక్షణము. తొలి దర్శనంలో జరిగేది ప్రధానంగా ప్రశ్నయే. దానికి జవాబులు ఇంటివద్దనే సిద్ధం కావలెను.

అరఠావు కాగితం చాలును. నిద్ర ఎన్నడు చెడినది, ఆకలి ఎట్లున్నది, ఏ పని మునుపటివలె చేయలేకున్నారు, తాగుడు ఎంత, వంశంలో ఎవరికైనా ఇట్టి బాధ ఉండెనా – ఇవి వ్రాయండి. వేరుశనగ ఎండిపోయిన ఏడు, బోరు అడుగంటిన నెల కూడా వ్రాయవలసినవే. ఈ మెట్టభూములలో మనేదకు, అప్పుకు చుట్టరికమున్నది. భార్యకు చెప్పని బాకీని వైద్యునికైనా చెప్పవలెను.

వాడుచున్న మందులన్నిటినీ సంచిలో వేసుకొని పోండి. చూర్ణాలు, లేహ్యాలు సహా. ‘ఆకుమందే గదా’ అని విడిచిపెట్టరాదు. సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గిస్తుంది. అశ్వగంధ నిద్రమాత్రల మత్తును పెంచవచ్చును. థైరాయిడ్ లోపము, రక్తహీనత కూడా దిగులువలె కనిపించవచ్చును గనుక పాత రక్తపరీక్షల కాగితాలు ఉంచుకొనండి. జరుగుచున్న మందును పరీక్షకోసమని స్వయంగా మానవద్దు.

ఇక తోడు వెళ్లేవారి సంగతి. కోడలిని తీసుకొనిపోయి అత్తగారే జవాబులన్నీ చెప్పడం మంచిది కాదు. నిద్రలో కలవరింతలు, మాటతీరులో మార్పు వంటివి ఇంటివారే చెప్పగలరు, నిజమే. కాని కొంతసేపు రోగి ఒంటరిగా మాట్లాడవలెను. తెలుగు, కన్నడము రెండూ నోట నానే సీమ మనది. దుఃఖము ఏ భాషలో వస్తే ఆ భాషలోనే చెప్పనివ్వండి. ప్రాణాపాయము వంటి మినహాయింపులు తప్ప, చెప్పిన మాటలను గోప్యంగా ఉంచవలెనని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము విధించినది.

‘చనిపోవాలనిపించినదా’ అని వైద్యుడు అడిగితే ఇంటివారు నొచ్చుకోరాదు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. నిజముగానే అట్టి తలపు ఉన్నచో తేదీ కోసం ఆగవద్దు, మనిషిని ఒంటరిగా విడువవద్దు, పురుగుమందు డబ్బాను ఇంటినుండి తీసివేయండి, వెంటనే దగ్గరి ఆసుపత్రికి చేర్చండి. 2022లో ఆరంభమైన టెలిమానస్ 14416 నెంబరులో రేయింబవళ్లు ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడుతారు.

తొలినాడే రోగం పేరు చెప్పలేదని వైద్యుని తప్పుపట్టి మంత్రగాని వద్దకు మళ్లేవారున్నారు. రెండు మూడు మార్లు చూడనిదే తేలని సందర్భాలెన్నో. రెండవ ప్రయాణానికి కూడా డబ్బు, కూలి పోయే రోజు ముందే లెక్క చూసుకొని బయలుదేరండి.