దావా, ముద్దాయి ఒక తల్లి బిడ్డలే

అమలాపురంలో ఒక ప్లీడరుగారి దగ్గర ముప్పై ఏళ్లు గుమస్తాగా చేశాను. వకాల్తా, వాయిదా, జామీను, జప్తు... రోజూ నా నోట్లో నానిన ఈ మాటలన్నీ నవాబుల నాటి కచేరీలవి. 1766లో నిజాముతో ఒప్పందమయ్యాక ఉత్తర సర్కారులు కుంపిణీవాళ్ల పాలయ్యాయి. దొరలు మారారు గాని మాటలు మారలేదు. వాటిలో నన్ను బాధపెట్టేది ఒక్కటే, ముద్దాయి.

ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. అరబ్బీలో దావాకూ దానికీ ధాతువు ఒకటే. దావా ఎవరి మీద పడిందో ఆ మనిషి 'ముద్దఆ అలైహి'. ఆ పొడుగు మాటే మన నోళ్లలో అరిగి ముద్దాయి అయిందని నా నమ్మకం. ఉర్దూ చదివినవాళ్లకు ఫిర్యాది అయినవాడు మన కోర్టులో బోనెక్కాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కోర్టులో ముద్దాయి అంటే నేరం మోపబడిన మనిషి, అంతే. బజార్లోకి వచ్చేసరికి నేరం చేసినవాడైపోయాడు. "దీనికి మొదటి ముద్దాయి ప్రభుత్వమే" అని నాయకులు అంటారే, అది విచారణ కోరడం కాదు, తీర్పు చెప్పేయడం.

2022 మే 24న జిల్లా పేరు గొడవలో మా ఊళ్లో మంత్రిగారి ఇల్లు, ఎమ్మెల్యేగారి ఇల్లు తగలబడ్డాయి. తగలబెట్టినవాళ్లకు శిక్ష పడాల్సిందే. కానీ ఆ వారమంతా టీకొట్ల దగ్గర "వాడూ ముద్దాయేనట" అన్న మాట విన్నాను. సాక్ష్యంతో పని లేకుండా ఆ 'అట' ఒక్కటే చాలింది.

అంతకు చాలాముందు రాజోలు వైపు కుర్రాడొకడు ఒక కొట్లాట కేసులో ఏ-7. కువైట్‌లో పని కుదిరింది. కేసు నడుస్తుండగా పాస్‌పోర్టుకు కోర్టు అనుమతి కావాలి. అది తేలేలోగా ఆ పని పోయింది. నాలుగేళ్లకు కేసు కొట్టేశారు. పట్టుకున్న రోజున పేరు వేసిన పేపరు, విడుదలైన రోజున వేయలేదు. నేను పత్రికలవాళ్లను అడిగేది ఇదే: తీర్పు వచ్చేదాకా నిందితుడు అని రాయండి, నిర్దోషి అని తేలితే ఆ వార్తకూ అంతే చోటివ్వండి.

వాళ్లమ్మ నా దగ్గరకొచ్చి, "గుమస్తాగారండీ, మావోడు ముద్దాయి కాదని రాసుండే కాయితం ఏదన్నా ఉంటదాండి?" అనడిగింది. తీర్పు నకలు తీయించి ఇచ్చాను. లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకుంది, పెళ్లిసంబంధాలవాళ్లు వస్తే చూపించడానికి.